నేటాల్ ఓడల జాబితాలో ముత్తాత ఊరు వెతకాలంటే: పేరు పక్కన పెట్టి నంబరు పట్టుకోండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఉన్న ఒక కుటుంబం మిమ్మల్ని బంధువులనుకుని ఉత్తరం రాసింది. వాళ్ల ముత్తాత అప్పలస్వామి 1900 ప్రాంతంలో "వైజాగ్ వైపు నుంచి" చెరకు తోటల పనికి ఒప్పంద కూలీగా ఓడెక్కారు. ఊరు పేరు, ఇంటిపేరు రెండూ తెలియవు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పేరుతో మాత్రం మొదలుపెట్టకండి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వచ్చిన ట్రూరో ఓడతో మొదలై 1911 వరకు 384 ప్రయాణాల్లో సుమారు 1.52 లక్షల మంది నేటాల్‌లో, అంటే డర్బన్ ఉన్న ప్రాంతంలో, దిగారు. వాళ్లలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులో ఎక్కినవాళ్లే. అంతమందిలో అప్పలస్వామి అన్న ఒక్క మాటతో మనిషిని పట్టుకోలేం.

పట్టుకోవలసింది కలోనియల్ నంబరు. చంకలో బిడ్డతో సహా దిగిన ప్రతివారికీ ఒక నంబరు ఇచ్చారు. ఓడలు వచ్చిన వరుసలోనే నంబర్లు పెరుగుతూ పోయాయి కాబట్టి, నంబరు దొరికితే ఏడాదీ ఓడా దాని వెంటే దొరుకుతాయి. ఆ నంబరు ఇంట్లో కాగితాల మీదే ఉండే అవకాశం ఎక్కువ. నేటాల్‌లో పుట్టిన పిల్లల జనన నమోదులో తల్లి నంబరు, తండ్రి నంబరు రాసేవారు. వివాహ నమోదు, ఒప్పందం ముగిశాక ఇచ్చిన విడుదల పత్రం, ఆస్తి పంపకపు ఫైల్లో ఉండే మరణ నోటీసు కూడా చూడమనండి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. కంప్యూటర్లో అచ్చు వేసిన చిన్న జనన పత్రం తెప్పించుకుని, నంబరు లేదని వదిలేస్తారు. అడగవలసింది చేతిరాత రిజిస్టరు పుటకు తీసిన నకలు. అక్కడ దాన్ని వాల్ట్ కాపీ అంటారు. ముత్తాత నేటాల్‌లోనే పుట్టినట్టు తేలితే, ఓడ దిగింది ఆయన తండ్రి అన్నమాట. ఇంకో తరం వెనక్కి వెళ్లాలి.

నంబరు దొరికాక ఓడ జాబితా. మూల ప్రతులు డర్బన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయం వెస్ట్‌విల్ ప్రాంగణంలోని గాంధీ-లుతూలి డాక్యుమెంటేషన్ సెంటరులోనూ వీటి మీద పని జరిగింది. జాబితాలో నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు, పనిలో పెట్టుకున్న యజమాని వంటి వివరాలుంటాయి. ఇంటిపేరుకు గడి లేదు. వయసు అంచనాకు రాసింది, ఐదారేళ్ల తేడా ఉన్నా పట్టించుకోవద్దు. టైపు చేసిన డేటాబేసులో చూసి సరిపెట్టుకోకండి, చేతిరాత పుట బొమ్మ తెప్పించండి. ఊరి పేర్లు ఎక్కువగా చెడేది టైపు చేసేటప్పుడే.

పుట చేతికొచ్చాక మీ మనిషి ఉన్న వరుసతో ఆగకండి. పైన పది, కింద పది నంబర్లు కూడా రాసుకోండి. భార్యాభర్తలు, అన్నదమ్ములు, ఒకే ఊరివాళ్లు చాలాసార్లు పక్కపక్కనే ఉంటారు. మీవాళ్ల వరుసలో ఊరి పేరు చదవడానికి వీల్లేకుండా ఉంటే, అదే తాలూకాకు చెందిన పక్క వరుసలో శుభ్రంగా ఉండొచ్చు. నా లెక్కలో మొత్తం వెతుకులాటలో ఎక్కువ ఫలితమిచ్చే పని ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే.

ఓడ పేరు ఒక్కటే చాలదు. ఉమ్‌లాజీ, ఉమ్‌జింటో లాంటి ఓడలు ఎన్నోసార్లు వచ్చాయి, ఏడాది కూడా కావాలి. పైగా ఉమ్‌జింటో అన్నది డర్బన్‌కు దక్షిణాన ఉన్న ఒక ఊరు కూడా. "మా తాత ఉమ్‌జింటో" అని ఇంట్లో చెప్పుకుంటే అది ఎక్కిన ఓడో, పనిచేసిన చోటో తేల్చుకోవాలి. యజమాని గడి అక్కడే అక్కరకొస్తుంది. తోటా, రైల్వేనా, బొగ్గు గనా అన్నది ఇంటి జ్ఞాపకంతో సరిపోతే సరైన మనిషేనని ధైర్యం వస్తుంది. ఒప్పందం ముగిశాక తిరిగొచ్చి మళ్లీ వెళ్లినవాళ్లూ ఉన్నారు. అలాంటివాళ్లకు రెండు నంబర్లుంటాయి, కంగారుపడకండి.

ఇక జిల్లా, తాలూకా. అప్పటి హద్దులు వేరు, రాసిన తీరు వేరు. చికాకోల్ అంటే శ్రీకాకుళం, అప్పట్లో అది గంజాం జిల్లాలోది. బిమ్లిపటం భీమునిపట్నం, ఎల్లోర్ ఏలూరు, కొకనాడ కాకినాడ. విజయనగరం 1979 దాకా ప్రత్యేక జిల్లా కాదు. విశాఖపట్నం జిల్లా కింద "గోల్కొండ" లాంటి తాలూకా కనిపిస్తే హైదరాబాదు వైపు చూడకండి. అది నర్సీపట్నం ప్రాంతపు గొలుగొండ. సర్వసిద్ధి అంటే యలమంచిలి వైపు, వీరవల్లి అంటే చోడవరం వైపు. నార్త్ ఆర్కాట్ అని ఉంటే తమిళులని కొట్టిపారేయకండి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు అందులోనివే. కులం గడిలో "జెంటూ" అని ఉంటే అది కులం కాదు, తెలుగువాళ్లని చెప్పడానికి ఆనాటి ఇంగ్లీషు మాట. ఈనాటి నాయుడూ, రెడ్డీ అన్న చివరి పేర్లను ఆ గడితో పోల్చి తికమకపడొద్దు. అక్కడ స్థిరపడ్డాక తగిలించుకున్నవీ ఉన్నాయి. తండ్రి పేరే ఇంటిపేరుగా మారిన కుటుంబాలూ ఉన్నాయి.

ఊరు అసలే చదవలేకపోతే పేర్లు కొంత దారి చూపిస్తాయి. అప్పల, సింహాద్రి అంటే సింహాచలం చుట్టుపక్కలు, పైడి అంటే విజయనగరం వైపు, నూకరాజు, నూకాలు అంటే అనకాపల్లి వైపు. కోటయ్య అంటే కోటప్పకొండ చుట్టూ, మునెమ్మ, మునియప్ప అంటే చిత్తూరు వైపు. ఇవి రుజువులు కావు. రెండు ఊళ్ల మధ్య సందేహం వచ్చినప్పుడు తూచడానికి పనికొస్తాయి, అంతే.

ఊరి పేరు తేలినా పని సగమే. కొత్తపాలెం, కొత్తవలస, అగ్రహారం అన్న ఊళ్లు ఒక్క తాలూకాలోనే రెండు మూడు ఉంటాయి. పాత తాలూకా ఇప్పుడు ఏయే మండలాలైందో రాసుకుని, ఆ మండలాల జనగణన గ్రామ జాబితా చూడండి. అందులో లేకపోతే శివారు గ్రామం కావచ్చు, దానికి రెవెన్యూ జాబితాలో విడిగా పేరుండదు. ఆ పల్లె ఏ గ్రామానికి శివారో స్థానికులనే అడగాలి.

తహసీల్దారు ఆఫీసుకు వెళితే పాత భూమి రికార్డులను డైగ్లాట్, ఆర్.ఎస్.ఆర్., ఫెయిర్ అడంగల్ అన్న పేర్లతో అడగండి. అయితే ఆశ ఎక్కువ పెట్టుకోవద్దు. విశాఖ జిల్లాలో చాలా ఊళ్లు జమీందారీవి. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాకే అక్కడ రైతువారీ సెటిల్‌మెంటు (భూమిని నేరుగా రైతు పేరు మీద నమోదు చేయడం) జరిగింది కాబట్టి, 1900 నాటి రైతు పేరు ఆ రికార్డులో దొరకదు. దొరికేది అన్నదమ్ముల సంతతి పేరు. భూమిలేని కూలీ కుటుంబమైతే అదీ ఉండదు. అప్పుడు మిగిలేది ఊళ్లో ముసలివాళ్లు. "మీ వంశంలో ఓడెక్కి పోయి తిరిగిరానివారెవరు" అని అడిగితే "రంగం పోయాడు" అన్న జవాబే ఎక్కువ వస్తుంది. రంగం అంటే రంగూన్, అక్కడికి వెళ్లినవాళ్లు నేటాల్ కన్నా చాలా ఎక్కువమంది మరి. ఆ జవాబు విని ఇంటిని కొట్టివేయకండి. సముద్రం దాటినవాళ్లందరినీ ఆ మాటతోనే కలిపేసి ఉండొచ్చు. జాబితాలోని తండ్రి పేరు, కులం ఆ ఇంటితో కలుస్తున్నాయేమో చూడండి.

డర్బన్ వాళ్లను ఈలోగా అడగవలసినవి: పెళ్లిళ్లలో చెప్పే గోత్రం, ఇంట్లో కొలిచే అమ్మవారు, ముసలివాళ్ల నోట మిగిలిన ఇంటిపేరు ఎంత వంకరగా ఉన్నా సరే. వాళ్లు రాసి పంపితే ఇంగ్లీషు అక్షరాలు చూసి మీరు మోసపోతారు, పలికి రికార్డు చేసి పంపమనండి. "గెడ్డల", "గెద్దల" తేడా చెవికే తెలుస్తుంది.

ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీయులకు మన ప్రభుత్వం ఇచ్చేది) కోసమే అడుగుతుంటే, ధ్రువీకరించిన ఓడ జాబితా నకలు ఒక్కటే చాలదు. తరానికీ తరానికీ మధ్య జనన, వివాహ పత్రాలతో గొలుసు తెగకుండా చూపించాలి. పేరు మారిన ప్రతిచోటా ఇద్దరూ ఒకరేనని నిరూపించే కాగితం కూడా ముందే సిద్ధం చేసుకోమనండి.

నంబరు దొరికాక నంబరు, ఓడ, ఏడాది, జిల్లా-తాలూకా-ఊరు గడులు జాబితాలో ఉన్న స్పెల్లింగుతోనే, దిద్దకుండా, ఇక్కడే రాయండి. దిద్ది రాస్తే ఏ ఊరో చెప్పడం కష్టమవుతుంది.