మీ ప్రశ్నలు - మా జవాబులు: సవానాలో పులాస్కీ స్తంభం

ప్రశ్న: అట్లాంటాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. సవానా ఊళ్లో పోలండ్ వీరుడి స్మారకం ఉందట. ఎక్కడుంది, ఏం చూడాలి?

అట్లాంటా నుంచి సవానా సుమారు 400 కిలోమీటర్లు. నది ఒడ్డున మొదలుపెట్టి బుల్ స్ట్రీట్ వెంబడి దక్షిణంగా నడవండి. దారిలో వరసగా జాన్సన్, రైట్, చిప్పెవా, మాడిసన్ స్క్వేర్లు వస్తాయి. అయిదోది మాంటెరే స్క్వేర్, స్తంభం అక్కడే. టికెట్ లేదు. ఫోర్ట్ పులాస్కీ అని రాసి ఉన్న బోర్డులు చూసి బయల్దేరితే మాత్రం ఊరికి తూర్పున ఉన్న కోట దగ్గర తేలతారు. పేరొక్కటే, చోటు వేరు. చాలామంది పొరబడేది ఇక్కడే.

స్తంభం ఎత్తు సుమారు 55 అడుగులు. రూపకల్పన రాబర్ట్ లౌనిట్జ్ అనే శిల్పిది. పైన స్వేచ్ఛాదేవి నిలబడి ఉంటుంది. అందరూ తలెత్తి ఆమెనే చూసి వెళ్లిపోతారు, కానీ అసలు కథ కింద పీఠం మీద ఉంది. దెబ్బతిన్న పులాస్కీ గుర్రం మీద నుంచి ఒరిగిపోతున్న దృశ్యాన్ని అక్కడ పాలరాతిలో ఉబ్బెత్తుగా చెక్కారు. మూలల్లో ఫిరంగులను తలకిందులుగా నిలబెట్టారు, అది సంతాప సూచకం. పక్క నుంచి ఏటవాలుగా ఎండ పడే వేళ చూడండి, చెక్కడం బాగా తేలి కనిపిస్తుంది. నడినెత్తి ఎండలో అంతా చదునుగా ఉంటుంది.

ప్రశ్న: పోలండ్ మనిషికి అమెరికాలో గుడి కట్టినంత గౌరవం ఎందుకు?

కాజిమిర్ పులాస్కీ 1745లో వార్సాలో పుట్టాడు. స్వదేశంలో రష్యా పెత్తనం మీద తిరగబడి, ఓడి, దేశం వదలాల్సి వచ్చింది. అప్పుడు అమెరికా ఇంగ్లీషువాళ్ల మీద స్వాతంత్ర్య యుద్ధం చేస్తోంది. అమెరికా రాయబారి బెంజమిన్ ఫ్రాంక్లిన్ సిఫారసుతో 1777లో అక్కడికి చేరాడు. అదే ఏడు బ్రాండీవైన్ యుద్ధంలో వాషింగ్టన్ సైన్యం వెనక్కి తగ్గుతుంటే శత్రువును అడ్డుకుని, అశ్వదళాధిపతి అయ్యాడు. ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉన్న సవానా మీద 1779 అక్టోబరు 9న జరిగిన దాడిలో ఫిరంగి గుళ్లు తగిలి, రెండు రోజులకు కన్నుమూశాడు. అంటే ఈ స్తంభం ఆయన నేలకొరిగిన ఊళ్లోనే ఉంది.

అయితే ఆ గౌరవం వెంటనే దక్కలేదు. 1825లో, ఆ యుద్ధంలో అమెరికా పక్షాన పోరాడిన ఫ్రెంచి సేనాని లఫాయెత్ చిప్పెవా స్క్వేర్‌లో శంకుస్థాపన చేశాడు గానీ డబ్బు చాలలేదు. అదే యుద్ధంలో అమెరికా సేనాని అయిన జనరల్ గ్రీన్ కోసం జాన్సన్ స్క్వేర్‌లో లేపిన స్తంభమే చాలా ఏళ్లు ఇద్దరికీ స్మారకమయింది. పులాస్కీ సొంత స్తంభానికి పునాది పడింది 1853లో.

ప్రశ్న: స్తంభం కింద దొరికినవి ఆడమనిషి ఎముకలని చదివాను. నిజమా?

సగం నిజం. పులాస్కీని సముద్రంలో కలిపారని ఒక మాట, ఒడ్డున ఒక తోటలో పాతిపెట్టారని ఇంకో మాట ఉండేవి. ఆ తోటలో తవ్వితీసిన ఎముకలనే 1853లో లోహపు పెట్టెలో పెట్టి పునాదిలో ఉంచారు. 1996లో స్తంభాన్ని విప్పినప్పుడు పెట్టె బయటపడింది. కటి ఎముక ఆడవాళ్లదిలా ఉండడంతో ఎవరివో ఎముకలు పెట్టారన్న అనుమానం వచ్చింది. కానీ చేతి ఎముక విరిగి అతుక్కున్న గుర్తు, ఏళ్లతరబడి గుర్రపుస్వారీ చేసిన అరుగుదల ఆయన జీవితానికి సరిపోయాయి. ఆయన వంశంలోని ఒక స్త్రీ డీఎన్ఏతో ఈ ఎముకల డీఎన్ఏ కలిసిందని 2019లో పరిశోధకులు ప్రకటించారు. తల్లి వైపు నుంచి మాత్రమే వచ్చే డీఎన్ఏ అది. ఎముకలు ఆయనవే కనుక, ఆయన పుట్టుకతో ఇంటర్‌సెక్స్ (ఆడ, మగ లక్షణాలు రెండూ కలిసిన శరీరం) అయి ఉండవచ్చని వాళ్ల నిర్ణయం. మగవాడిగా పెరిగాడు, మగవాడిగానే బతికాడు. దీన్ని వింత వార్తగా చెప్పుకోవడం ఆ మనిషికి అన్యాయం. ఎముకలను 2005లో స్తంభం పక్కనే గౌరవంగా తిరిగి పూడ్చారు.

ప్రశ్న: రాతి స్తంభాన్ని విప్పాల్సినంతగా ఏం పాడవుతుంది?

పాలరాయి అంటే సున్నపురాయి జాతే. ఆమ్లం కలిసిన వాన దాన్ని కరిగిస్తుంది, పైపొర పంచదారలా రాలుతుంది. వేలితో రుద్దితే పలుకులు అంటుకుంటాయి. ఇక పాతకాలం కట్టడాల్లో రాళ్లను పట్టి ఉంచే ఇనుప కొక్కేలకు తడి తగిలితే తుప్పు ఉబ్బి లోపల నుంచే రాయిని పగలగొడుతుంది. అప్పుడు పైన పూత పూసి లాభం లేదు. ప్రతి రాయికీ నంబరు వేసి పై నుంచి కిందికి దించాలి, ఇనుము తీసి స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టాలి, అతుకులకు సున్నం వాడాలి. గట్టి సిమెంటు వాడితే నీరు బయటికి పోలేక రాతిలోనే నిలుస్తుంది. కడగడానికి మంచినీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. ఆసిడ్, వైరు బ్రష్ దగ్గరికి రానివ్వొద్దు. ఆసిడ్‌తో ఆ రోజుకు తెల్లగా మెరుస్తుంది, కానీ చెక్కిన ముక్కూ కళ్లూ కరిగిపోతాయి.