వీఐటీ చెన్నైనా, పీఈఎస్ బెంగళూరా? రెండూ దగ్గర నుంచి చూసినదాన్ని కాబట్టి చెప్తున్నా

నేను వీఐటీ చెన్నై క్యాంపస్ లో సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) చేశానండి, 2018-22 బ్యాచ్. మాది నెల్లూరు. మా తమ్ముడు పీఈఎస్ యూనివర్సిటీ, బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ క్యాంపస్, 2021-25. నాకు జాబ్ కూడా బెంగళూరులోనే రావడంతో వాడి కాలేజీ, వాడు ఉన్న పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్), వాడి పరీక్షల టెన్షన్ అన్నీ దగ్గరుండి చూశా.

మీరు రాసింది ఏంటంటే, ఒంగోలులో ఉంటారు, పాప ఇంటర్ అయిపోయింది, ఇంతవరకు హాస్టల్ లో ఎప్పుడూ ఉండలేదు, వీఐటీ చెన్నైలో సీఎస్‌ఈ కేటగిరీ 4 లో (ఫీజు మెట్లు అయిదు, 1 లో తక్కువ, 5 లో ఎక్కువ) వచ్చింది, పీఈఎస్ ఎలక్ట్రానిక్ సిటీలో కూడా సీఎస్‌ఈ వచ్చింది, ఫీజులో పెద్ద తేడా లేదు, ఎటు పోయినా లోన్ పెట్టాల్సిందే, బెంగళూరు అయితే కంపెనీలన్నీ అక్కడే కాబట్టి జాబ్ ఈజీ అని బంధువులు అంటున్నారు, పైగా పాప ఒక్కతే ప్రయాణాలు చెయ్యగలదా అని భయం.

మీ పాపకి అయితే నేను వీఐటీ చెన్నై అనే చెప్తా. ర్యాంకింగులూ ప్యాకేజీలూ చూసి చెప్పట్లేదండి, పాప ఎప్పుడూ ఇల్లు వదిలి ఉండలేదు అన్నారు చూడండి, ఆ మాట పట్టుకుని చెప్తున్నా. ఎందుకో కొంచెం వివరంగా రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు మీ బంధువుల మాట సంగతి. ఎలక్ట్రానిక్ సిటీలో ఇన్ఫోసిస్ హెడ్ ఆఫీసు పీఈఎస్ క్యాంపస్ కి దగ్గర్లోనే ఉంది, నిజమే. వీఐటీ చెన్నైకి కూడా అటు పక్కన సిరుసేరి సిప్‌కాట్ ఐటీ పార్కు ఉంది, టీసీఎస్ వాళ్ళ పెద్ద క్యాంపస్ అక్కడే. కానీ ఆ గేట్ల ముందు నుంచి నాలుగేళ్ళు బస్సులో తిరిగినా లోపలికి రమ్మని ఎవరూ పిలవరండి, పిలుపు వచ్చేది కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్ నుంచి, అది కూడా సీజీపీఏ (అన్ని సెమిస్టర్ల మార్కుల సగటు) కట్ ఆఫ్ దాటి, బ్యాక్‌లాగ్స్ (తప్పిన సబ్జెక్టులు) లేకుండా ఉంటేనే, ఆ తర్వాత ఆన్‌లైన్ టెస్ట్, ఇంటర్వ్యూ. ఇదంతా చెన్నైలో ఎలా ఉంటుందో బెంగళూరులోనూ అలాగే ఉంటుంది. బెంగళూరు వల్ల నిజంగా లాభం ఎవరికంటే, శనివారం పొద్దున్నే లేచి కోరమంగళలోనో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ లోనో ఏదో టెక్ మీటప్ ఉందంటే తెలీనివాళ్ళ మధ్యకి ఒక్కరే వెళ్ళి మాట్లాడి, నాకు మీ దగ్గర ఇంటర్న్‌షిప్ ఇవ్వండి అని అడిగే రకం పిల్లలకి. మా తమ్ముడు అలాంటివాడు, మూడో సంవత్సరంలో వాడికి మొదటి ఇంటర్న్‌షిప్ అలాగే దొరికింది. వాడి రూమ్మేట్ కి మాత్రం నాలుగేళ్ళూ బెంగళూరు అంటే కాలేజీ, పీజీ, పక్కనున్న బిర్యానీ సెంటర్, అంతే. మీ పాప ఎలాంటిదో మీకే తెలుస్తుంది.

ప్లేస్‌మెంట్ పోస్టర్లో హైయెస్ట్ ప్యాకేజీ అంకె అసలు చూడకండి, అది ఒక్కరికో ఇద్దరికో వచ్చేది. రెండు చోట్లా అడ్మిషన్ ఆఫీసుకి వెళ్ళి మూడు అడగండి: సీఎస్‌ఈలో ప్లేస్‌మెంట్ కి ఎంతమంది రిజిస్టర్ చేసుకున్నారు, వాళ్ళలో ఎంతమందికి వచ్చింది, మీడియన్ ప్యాకేజీ (అందరినీ వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాళ్ళది) ఎంత. యావరేజ్ చెప్తే మీడియన్ చెప్పండి అని మళ్ళీ అడగండి, నలుగురికి కోటి రూపాయలు వస్తే యావరేజ్ దానంతటదే పైకి పోతుంది. ఇంకోటి, వీఐటీలో కంపెనీలు ఉద్యోగాలకి ఎంపిక చేసే డ్రైవ్ లు చాలావరకు వెల్లూరు, చెన్నై క్యాంపస్ లు కలిపి జరుగుతాయి కాబట్టి ఇన్ని వేల ఆఫర్లు అని కనిపించే అంకె ఒక్క చెన్నైదే అనుకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతి, పాప ఎక్కడ ఉంటుంది.

వీఐటీ చెన్నై అంటే పేరుకే చెన్నై, ఊరికి దక్షిణాన వండలూరు కేళంబాక్కం రోడ్డు మీద ఉంటుంది, 2010 లో పెట్టిన క్యాంపస్. హాస్టల్ లోపలే, మెస్ లోపలే, క్లాసులు లోపలే. రూమ్ లో ఎంతమంది, ఏసీనా నాన్ ఏసీనా, మెస్ వెజ్జా నాన్ వెజ్జా స్పెషలా అన్నదాన్ని బట్టి ఫీజు మారుతుంది. రాత్రి లోపలికి రావాల్సిన టైమ్ ఉంటుంది, ఊరికి వెళ్ళాలంటే లీవ్ పెట్టి పర్మిషన్ తీసుకోవాలి, ప్రతి స్టూడెంట్ కి బాగోగులు చూసుకునే ప్రాక్టర్ అని ఒక ఫ్యాకల్టీ ఉంటారు. కొంతమందికి ఇది ఊపిరాడనట్టు ఉంటుంది. మొదటిసారి ఇల్లు వదిలే పిల్లకి మాత్రం జ్వరం వస్తే క్యాంపస్ లోనే డాక్టర్ ఉండటం, రాత్రి పదింటికి ఆకలేస్తే గేటు దాటక్కర్లేకపోవడం ఎంత పెద్ద విషయమో నేను అనుభవించా. తెలుగు పిల్లలు బోలెడంతమంది ఉంటారు, భాష గురించి బెంగ వద్దు.

పీఈఎస్ లో ముందు హాస్టల్ సీటు ఖాయంగా ఇస్తారా, నాలుగేళ్ళూ ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. మా వాడు పీజీలోనే ఉన్నాడు. పీజీ అంటే ఎలా ఉంటుందో చెప్తా, త్రీ షేరింగ్ రూమ్, మూడు మంచాలు వేశాక మిగిలిన చోటులో ఒక మనిషి అడ్డంగా తిరగాలి, తలా ఒక అర ఉన్న కప్‌బోర్డు, గీజర్ పొద్దున ఏడున్నర దాకే, వాషింగ్ మెషీన్ అంతస్తుకి ఒకటి, దాని మీద బకెట్లు లైన్లో పెట్టి ఉంటాయి. టిఫిన్ ఎనిమిదింటికి వస్తుంది, కాలేజీకి ఆ లోపే బయల్దేరాలి, అందుకని మా వాడు చాలా రోజులు అరటిపండు తినే పోయేవాడు. 2024 మార్చిలో బెంగళూరులో చాలా బోర్లు ఎండిపోయినప్పుడు ట్యాంకర్ వస్తేనే స్నానం. వాడు ఖాళీ చేసేటప్పుడు ఓనర్ అడ్వాన్స్ లో సగం పెయింటింగ్ కి అని పట్టేసుకున్నాడు, ఎంత వాదించినా ఇవ్వలేదు, అందుకే అడ్వాన్స్ కట్టేటప్పుడే తిరిగి ఎంత ఇస్తారో కాగితం మీద రాయించుకోండి. లేడీస్ పీజీ అయితే ఇంకా గట్టిగా చూడాలి, సీసీ కెమెరాలు, రాత్రి వాచ్‌మన్, వంటగదికి ఫుడ్ లైసెన్స్, ఇవన్నీ ఉండాలని బీబీఎంపీ (అప్పటి బెంగళూరు నగరపాలక సంస్థ) 2024 ఆగస్టులో రూల్స్ పెట్టింది, మీరు వెళ్ళి కళ్ళతో చూసుకోవాల్సిందే. ఒక మంచి విషయం, బెంగళూరులో పీజీలు నడిపేవాళ్ళలో మనవాళ్ళు చాలామంది, నెల్లూరు, ప్రకాశం జిల్లాలవాళ్ళు కూడా, పప్పు, పచ్చడి దొరుకుతాయి.

చదువు విషయంలో రెండూ వేరే వేరే పద్ధతులు. వీఐటీలో ఎఫ్ఎఫ్‌సీఎస్ అని ఉంది, అంటే ఏ సబ్జెక్టు ఏ సార్ దగ్గర, పొద్దున క్లాసా మధ్యాహ్నం క్లాసా అన్నది స్టూడెంటే ఎంచుకోవాలి. మొదట్లో వాళ్ళే ఇచ్చేస్తారు, తర్వాత నుంచి మనదే. రిజిస్ట్రేషన్ ముందు రాత్రి హాస్టల్ లో ఎవరూ నిద్రపోరు, ఏ1 స్లాట్ లో ఫలానా మేడమ్ దొరక్కపోతే బీ1 కి ఎవరు, అది కూడా పోతే ల్యాబ్ ఎక్కడ క్లాష్ అవుతుంది అని మూడు నాలుగు టైమ్ టేబుల్స్ కాగితాల మీద గీసి పెట్టుకుంటాం, పోర్టల్ తెరుచుకోగానే మంచి పేరున్న సార్ల సీట్లు చూస్తుండగానే నిండిపోతాయి. పొద్దున థియరీ తీసుకుంటే మధ్యాహ్నాలు ల్యాబులు, మధ్యాహ్నం థియరీ అయితే పొద్దున ల్యాబులు. క్యాట్ 1, క్యాట్ 2, చివర్లో ఫ్యాట్ అని పరీక్షలు, అటెండెన్స్ 75 శాతం లేకపోతే ఫ్యాట్ రాయనివ్వరు. పీఈఎస్ లో సెక్షన్, టైమ్ టేబుల్ వాళ్ళే ఇస్తారు, పరీక్షలు రెండు ఐఎస్ఏలు, చివర్లో ఈఎస్ఏ. ఒకే అరవై మంది సెమిస్టర్ అంతా కలిసి ఉంటారు కాబట్టి ఫ్రెండ్స్ త్వరగా అవుతారు, ఎవరైనా వెనకబడితే పక్కవాళ్ళకి తెలుస్తుంది. వీఐటీలో ప్రతి క్లాసులోనూ కొత్త ముఖాలే. ఒకవేళ మీ పాప ఎవరో ఒకరు టైమ్ టేబుల్ చేతిలో పెడితేనే చదివే రకం అయితే, బెంగళూరులో మీ చుట్టాలు ఎవరైనా క్యాంపస్ కి దగ్గర్లో ఉంటే, నేను పీఈఎస్ వైపే మొగ్గుతా. ఇప్పుడు ఎలక్ట్రానిక్ సిటీకి ఎల్లో లైన్ మెట్రో కూడా వచ్చేసింది, 2025 ఆగస్టులో, ఆర్వీ రోడ్ నుంచి బొమ్మసంద్ర దాకా. మా వాడు పాసై బయటకొచ్చాక వచ్చింది, సిల్క్ బోర్డు ట్రాఫిక్ లో వాడు పోగొట్టుకున్న టైమ్ మీ పాప పోగొట్టుకోదు.

డబ్బు దగ్గరికి వద్దాం. వీఐటీలో కేటగిరీ 1 కి ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షల చుట్టుపక్కల, కేటగిరీ 5 కి 5 లక్షల దగ్గర్లో ఉంటుంది, క్లాసు ఒకటే, సార్ ఒకరే, డిగ్రీ ఒకటే. మీకు వచ్చిన కేటగిరీ 4 లో హాస్టల్, మెస్, లాప్‌టాప్, ప్రయాణాలు కలిపితే నాలుగేళ్ళకి 20 లక్షలు దాటుతుంది. మన ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ బయటి రాష్ట్రంలో ఉన్న ఈ యూనివర్సిటీలకి రాదు. లోన్ విషయానికొస్తే మామూలుగా 7.5 లక్షల దాకా బ్యాంకులు తాకట్టు అడగవు, పైన అయితే ఇల్లో స్థలమో చూపించమంటాయి. 2024 నవంబర్ లో పీఎం విద్యాలక్ష్మి అని వచ్చింది, లిస్టులో ఉన్న కాలేజీలకి తాకట్టు లేకుండా ఇస్తారు, కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు అయితే 10 లక్షల లోన్ వరకు వడ్డీలో 3 శాతం రాయితీ. మీ రెండు కాలేజీల పేర్లూ ఆ పోర్టల్ లో వెతకండి, ఒకటి ఉండి ఒకటి లేకపోతే ఆ తేడా చిన్నది కాదు.

చదువు అయిపోయాక ఏడాది దాకా కట్టక్కర్లేదు అంటారు గానీ వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచీ నడుస్తుంటుంది, మీకు వీలైతే నెలనెలా ఆ వడ్డీ వరకు కట్టేయండి. లెక్క వేసి చూడండి, 15 లక్షలకి 10 శాతం వడ్డీ, పదేళ్ళు అనుకుంటే నెలకి దాదాపు 19,800 ఈఎంఐ. పాపకి మొదటి జాబ్ ఏడాదికి నాలుగు లక్షలది వస్తే చేతికొచ్చేది ముప్పై వేల చుట్టూ, అందులో ఇది కడితే ఆ ఊళ్ళో బతకడం కష్టం. అందుకే ఈఏపీసెట్ లో మన దగ్గర మంచి కాలేజీలో కన్వీనర్ సీటు వచ్చే ర్యాంకు ఉంటే దాన్ని కూడా ఈ రెండిటితో పాటు మూడోదిగా పోల్చండి, బయటికి పంపాలి అన్న పట్టుదలతో ఇల్లు తాకట్టు పెట్టొద్దండి, నిజంగా చెప్తున్నా.

సీటు బ్లాక్ చేస్తాం, కేటగిరీ మార్పిస్తాం అని ఫోన్ చేసే కన్సల్టెన్సీ వాళ్ళకి ఒక్క రూపాయి ఇవ్వకండి. మా ఇంటికి కూడా ఒకాయన వచ్చి 50 వేలు అడిగాడు, మా నాన్న రసీదు ఇస్తావా అంటే మళ్ళీ కనిపించలేదు. ఫీజు యూనివర్సిటీ పోర్టల్ లోనే కట్టండి. ఒక చోట కట్టాక మనసు మారితే డబ్బు పోయినట్టే అని భయపడి నిర్ణయం తీసుకోవద్దు, 2024-25 కి యూజీసీ (యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ) సెప్టెంబర్ 30 లోపు క్యాన్సిల్ చేస్తే పూర్తి ఫీజు వెనక్కి ఇవ్వాలని చెప్పింది, మీ సంవత్సరానికి తేదీ ఏంటో యూజీసీ సైట్ లో చూసి స్క్రీన్‌షాట్ దాచుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వెరిఫై చేసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి, కాలేజీ దగ్గర ఉంచుకోకూడదు, అది కూడా 2018 నుంచీ ఉన్న రూలే.

ఇక ప్రయాణం. ఒంగోలు నుంచి చెన్నై సెంట్రల్ కి పగలు బండ్లు చాలానే ఉన్నాయి, పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి దిగొచ్చు. సెంట్రల్ ఎదురుగా రోడ్డు దాటితే పార్క్ స్టేషన్, అక్కడ తాంబరం దాకానే పోయే లోకల్ కాకుండా చెంగల్పట్టు లోకల్ ఎక్కి వండలూరులో దిగాలి, లేడీస్ పెట్టె ఉంటుంది, దిగాక కేళంబాక్కం వైపు బస్సు. ఆర్టీసీ బస్సులో వస్తే మాధవరంలో దింపుతారు, అది ఊరికి ఉత్తరం కొస, క్యాంపస్ దక్షిణం కొస, అందుకే రైలే మేలు. బెంగళూరుకి శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఒంగోలు మీదుగానే పోతుంది, రాత్రంతా ప్రయాణం. ఒకటి రెండు సార్లు మీరు తోడు వెళ్తే పాప ఒక్కతే చెన్నై నుంచి వచ్చేస్తుంది, నాతో చదివిన ఒంగోలు, చీరాల అమ్మాయిలు అందరూ అలాగే వచ్చేవాళ్ళు. సంక్రాంతికి మాత్రం పొంగల్ రద్దీ కూడా కలుస్తుంది, రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు కాబట్టి నవంబర్ రెండో వారంలోనే టికెట్ చేసి పెట్టండి.