బోర్డులు ఎక్కడ పెట్టించాలి?

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయంలో ఏ పుస్తకం ఎక్కడుందో తెలియక, వచ్చినవాళ్లంతా లైబ్రేరియన్ బల్ల దగ్గరే గుమిగూడుతున్నారు. ఫ్లెక్సీ బోర్డులకు డబ్బిస్తామని దాతలు ముందుకొచ్చారు. ఏం రాయించాలి, ఎక్కడ పెట్టించాలి?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అప్పుడే ఆర్డరివ్వకండమ్మా. ఓ వారంపాటు, వచ్చినవాళ్లు అడిగే మాటల్ని ఉన్నవున్నట్టు నోటుబుక్కులో రాసిపెట్టండి. నేను ఈ జిల్లాలోనే గ్రంథపాలకుడిగా పనిచేశాను. "సార్, గ్రూప్స్ పుస్తకాలు యాడున్నయి?", "పేపర్లు ఏ రూముల?" అనేవారే గానీ "సామాజిక శాస్త్రాలు ఎక్కడ?" అని అడిగినవారిని చూడలేదు. బీరువాల మీద మాత్రం ఆ మాటే ఉండేది. వాళ్ల మాటే పెద్దగా రాయించండి. పుస్తకాల్ని విషయాలవారీగా సర్దడానికి వేసే డ్యూయీ అంకె, దాని కింద చిన్నగా ఉంటే చాలు. తెలుగు సాహిత్యం 894.827 అని ఎందరికి తెలుసు? "తెలుగు కథలు, నవలలు" అని కనబడితే నేరుగా పోతారు. అంకెతో పని బీరువా దగ్గరికి చేరాకే.

ఇక చోటు. గోడ ఖాళీగా ఉంది కదాని అక్కడ తగిలించొద్దు. మనిషి ఆగి అటూ ఇటూ చూసే చోట ఉండాలి: గుమ్మం లోపల, మెట్ల మొదట్లో, బీరువాల వరుస చివర. పైకి చూపే బాణం చూసి కొందరు మేడెక్కేస్తారు. పక్కనే "ఎదురుగా" అనో "మేడ మీద" అనో రాయించండి. ఉర్దూ పత్రికలకు వచ్చే పెద్దలుంటే ఉర్దూలో కూడా.

పది అడుగుల నుంచి హాయిగా చదవాలంటే అక్షరం అంగుళం ఎత్తయినా ఉండాలి. తెలుగుకు ఇంకాస్త కావాలి. "అర్థశాస్త్రం" చూడండి, ఒత్తులన్నీ కిందికి దిగుతాయి. వరుసల మధ్య ఎడం లేకపోతే కింది వరుస గుడుల మీద పడి రెండూ అలుక్కుపోతాయి. మెరిసే ఫ్లెక్సీ ట్యూబ్‌లైటు కింద తళతళలాడుతుందే గానీ అక్షరం కనబడదు. మెరుపు లేనిదే అడగండి.

ముందు ఇవన్నీ తెల్లకాగితాల మీద రాసి అంటించండి. పాత నోటీసులు పీకేయండి. ఎప్పుడూ రాని ఒకరిని పిలిచి, ఒక పుస్తకం పేరు చెప్పి వెతకమనండి. మీరు నోరు మెదపొద్దు. ఎక్కడ తడబడితే కాగితం అక్కడికి మార్చండి. పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన రంగనాథన్ గారు 1931లో చెప్పిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది. ఈ శ్రమంతా అందుకే.

కాగితాలు కుదిరిన చోటే బోర్డులు బిగించండి. దాతల పేర్లు గుమ్మం దగ్గర ఒక్కచోట గౌరవంగా వేయించండి, బీరువాల మీద మాత్రం వద్దు.