గోదాము కిరాయికి తీసుకునే ముందు

బిడ్డా, ఆశీస్సులు.

మన ఫుడ్ బ్యాంకుకు ఇప్పుడున్న గది చాలడం లేదని, మహబూబ్‌నగర్ స్టేషన్ దగ్గర పెద్ద గోదాము కిరాయికి తీసుకోవాలనుకుంటున్నావని రాశావు. ఆకలితో వచ్చినవాళ్లను వట్టి చేతులతో పంపకూడదన్న నీ తపన చూసి నా మనసు నిండింది. అయితే అడ్వాన్సు ఇచ్చే ముందు, నీ గుమ్మం దాకా రాలేనివాళ్లు ఎక్కడున్నారో వెతకమని నా కోరిక.

వానాకాలం పంట పని ముగియగానే కోయిలకొండ, కోస్గి, మద్దూరు వైపు నుంచి ముంబై, పుణెలకు వలసపోయే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ల వెనుక ఊళ్లో మిగిలిన ముసలివాళ్లలో కొందరికి వేలిముద్రలు అరిగిపోయి రేషన్ షాపు యంత్రం మీద పడవు, మరికొందరికి బియ్యం తెచ్చుకున్నా వండుకునే ఓపిక ఉండదు. డబ్బాలో బియ్యం ఉండగానే ఒక అవ్వ రెండు రోజులు పస్తులున్న సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది, ఆ బాధ ఇంతవరకు పోలేదు. పట్నంలో ఎంత పెద్ద గోదాము తెరిచినా ఆ అవ్వకు అందదు. అందుకే అదే కిరాయితో మూడు నాలుగు ఊళ్లలో ఒక్కో చిన్న గది తీసుకుని, బాధ్యతను అక్కడి మహిళా సంఘానికి అప్పగించు. ఏ ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవలేదో అంగన్‌వాడీ ఆయాకు తెలిసినంతగా నీకూ నాకూ తెలియదు.

ఇక సరుకుల విషయం. మిల్లుల వాళ్లు ఇచ్చేది బియ్యమే కాబట్టి మనమూ బియ్యమే పేరుస్తాం. కానీ కార్డున్న ఇంటికి మనిషికి నెలకు 6 కిలోలు వస్తున్నాయి, 2025 ఉగాది నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు. కొరత ఉన్నది కందిపప్పుకు, నూనెకు. దాతలను ఆ రెండూ మొహమాటం లేకుండా అడుగు. కార్డు లేనివాళ్లకు మాత్రం బియ్యం విడిగా ఉంచు, వాళ్ల చేత కార్డుకు దరఖాస్తు కూడా పెట్టించు.

నిల్వలో నేను చేసిన తప్పు నువ్వు చేయకు. మొదటి ఏడాది బస్తాలను గోడకు ఆనించి పేర్చాను, శ్రావణంలో గోడ చెమ్మగిల్లి అడుగు వరుస అంతా ముక్కిపోయింది. కింద చెక్కబల్లలు వేసి, గోడకు మూరెడు దూరం వదిలి, ముందు వచ్చిన బస్తాను ముందే వాడేలా ప్రతిదాని మీద తేదీ రాయించు.

ఫంక్షన్ హాళ్లలో మిగిలిన అన్నం తెచ్చే ఆలోచన మంచిదే గాని, అందులో జాగ్రత్త పదింతలు కావాలి. మిగులు ఆహారం సేకరణ, పంపిణీపై 2019లో కేంద్ర ఆహార భద్రత సంస్థ చేసిన నిబంధనలు చదివి, రిజిస్ట్రేషన్ చేయించు. వేడి పదార్థం 60 డిగ్రీలకు తగ్గకుండా ఉంచగలిగే డబ్బాలు కొన్నాకే బండి పంపు, ఎప్పుడు వండారో చెప్పలేని చోట నుంచి ఏదీ తీసుకోకు. పుచ్చుకునేవాళ్ల ఫోటోలు తీయనివ్వకు. ఇచ్చిన దాతకు లెక్కల పుస్తకం చూపిస్తే చాలు.

వచ్చే ఆదివారం కోయిలకొండ వెళదాం. అక్కడి సంఘం వాళ్లతో నేను మాట్లాడి ఉంచుతాను, నువ్వు ఖాళీ పుస్తకం ఒకటి తీసుకురా. ముందు ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకుందాం.

మీ పెద్దమ్మ