పెట్టిన బాక్స్ కొత్తదా, పాతదా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాన్నగారు 2013లో కొన్న డీజిల్ వ్యానే మా కుటుంబానికి ఆధారం. నేనే నడుపుతాను, పెళ్ళిళ్ళ సీజన్‌లో మాత్రం ఒక కుర్రాణ్ణి పెట్టుకుంటాను. 2024 అక్టోబర్‌లో బండి దారిలో ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలైంది. సరిహద్దు దాటి ఆంధ్ర వైపు ఉన్న ఒక గ్యారేజీలో చూపిస్తే ‘ఇంజన్ కంప్యూటర్ పోయింది, కొత్త బాక్స్ వెయ్యాలి’ అన్నారు. అక్టోబర్ 21న వేసి రూ.46,500 తీసుకున్నారు. అందులో 30,000 ఫోన్‌పే చేశాను, మిగతాది చేతికిచ్చాను. బిల్లు అడిగితే తెల్లకాగితం మీద చీటీ రాసిచ్చారు. పాత బాక్స్ వాళ్ళే ఉంచుకున్నారు. జనవరిలో పెళ్ళివారిని కాశీనగర్ తీసుకెళుతుంటే రాత్రి పదకొండింటికి మళ్ళీ ఆగింది. ఆడవాళ్ళు, పిల్లలు రోడ్డు మీద నిలబడ్డారు. ఆ అవమానం తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు. గ్యారేజీ వాళ్ళు ‘తీసుకురండి, చూద్దాం’ అంటూ తిప్పారు. 2025 ఆగస్టులో బరంపురంలో ఒక ఎలక్ట్రీషియన్ ఎర్త్ వైరుకి చిలుము పట్టిందని శుభ్రం చేసి బిగించి 600 తీసుకున్నాడు. అప్పటినుంచి బండి ఒక్కసారీ ఆగలేదు. పైగా ‘ఈ బాక్స్ కొత్తది కాదు, ఏదో బండిలోంచి తీసింది’ అన్నాడు. గ్యారేజీ పేరుతో ప్రెస్‌లో బిల్లు పుస్తకం కొట్టించి, పాత తేదీ వేసుకుంటే కేసు గట్టిపడుతుందని మా బామ్మర్ది అంటున్నాడు. చీటింగ్ కేసు పెట్టాలా? మూడు లక్షలు వస్తాయా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. మూడున్నర పేజీలు పెళ్ళివారి ముందు పోయిన పరువు గురించే. అది వినియోగదారుల కమిషన్ ముందు ఒక్క పేరాలో చెబితే చాలు. మిగిలిన అర పేజీలోనే మీ కేసంతా ఉంది.

‘పాత కంప్యూటర్ బాగానే ఉంది, అనవసరంగా మార్చారు’ అని మీరు పోరాడాలనుకుంటున్నారు. బహుశా నిజమే. ఎర్త్ సరిగా లేకపోతే కంప్యూటర్‌కి కరెంటు సరిగా అందక ఇంజన్ ఆగిపోతుంది. బాక్స్ మార్చేటప్పుడు వైర్లు కదిలి, ఎర్త్ కొన్నాళ్ళు పట్టుకుని, తర్వాత మళ్ళీ వదులై ఉండొచ్చు. మీ బండి మూడు నెలలు బాగా నడవడానికి కారణం అదే కావచ్చు. కానీ దీన్ని రుజువు చేయాలంటే తీసేసిన పాత బాక్స్‌ని టెస్టు చేయాలి. అదెక్కడుంది? వాళ్ళ దగ్గర. మీరే వదిలేసి వచ్చారు. నలభై ఆరు వేలు పెట్టి సామాను మార్పించుకున్న మనిషి తీసేసిన సామాను అడిగి తెచ్చుకోకపోవడం ఏమిటి? స్పార్క్ ప్లగ్ మార్చినా పాతది చేతిలో పెట్టమని అడుగుతామే! అది లేకుండా మీరు కేసు వేస్తే అవతలి వకీలు ఒకే మాట అంటాడు: ‘మేము వేసింది 2024 అక్టోబర్‌లో, చిలుము కనిపించింది 2025 ఆగస్టులో. పది నెలల్లో పట్టిన చిలుముకి మాకేం సంబంధం?’ దానికి మీ దగ్గర జవాబు లేదు.

అందుకని ఆ వాదనని రెండో వరసలో పెట్టండి. కేసు తేలేది వేరే ప్రశ్న మీద: కొత్తదని డబ్బు తీసుకుని పెట్టిన బాక్స్ నిజంగా కొత్తదేనా? దీనికి సాక్ష్యం మీ బండిలోనే, ఇప్పటికీ బిగించే ఉంది. బండిని కంపెనీ అనుమతి ఉన్న సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళి స్కానర్ పెట్టించండి. చాలా బాక్సులు తాము ఏ బండికి చెందినవో ఆ పదిహేడు అక్షరాల ఛాసిస్ నంబర్‌ని లోపల దాచుకుంటాయి. స్క్రీన్ మీద వచ్చే నంబర్, మీ ఆర్‌సీ మీది నంబర్ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఆ బాక్స్ ఇంకో బండిలోంచి ఊడదీసిందే. తేదీ, మీ బండి నంబర్, మీటర్ రీడింగ్ ఉన్న ప్రింట్ తీయించి, టెక్నీషియన్ సంతకం పెట్టించండి. మీ కాలపు బండ్లలో కొన్నింట్లో ఆ నంబర్ ఉండకపోవచ్చు. అప్పుడు బాక్స్ మీది లేబుల్, పార్ట్ నంబర్, తయారీ తేదీ, స్క్రూల మీది గీతలు అన్నీ బండి నంబర్ ప్లేటుతో కలిపి ఫొటోలు తీయండి. బరంపురం ఎలక్ట్రీషియన్ దగ్గర చూసింది చూసినట్టు అఫిడవిట్ తీసుకోండి. అతను నోటితో అన్న మాట కమిషన్‌కి వినిపించదు.

ఇంకొకటి. ఎవరైనా ‘రీప్రోగ్రామ్ చేసి మీ ఛాసిస్ నంబర్ ఎక్కించేస్తాం’ అంటే ఒప్పుకోవద్దు. మీ సాక్ష్యం మీరే చెరిపేసుకున్నట్టు. బాక్స్‌ని ఇప్పుడే తీయించనూ వద్దు. అవసరమైతే దాన్ని సీల్ చేసి ల్యాబ్‌కి పంపే అధికారం 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద కమిషన్‌కే ఉంది.

ఇక బామ్మర్ది గారి సలహా. వద్దు. పొరపాటున కూడా వద్దు. వేరొకరి పేరుతో బిల్లు పుస్తకం కొట్టించి, పాత తేదీ వేసి కమిషన్‌లో దాఖలు చేస్తే అది భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఫోర్జరీ, దాన్ని వాడటం ఇంకో నేరం. కోర్టు వ్యవహారంలో అబద్ధపు సాక్ష్యానికి సెక్షన్ 229 కింద ఏడేళ్ళ వరకూ శిక్ష ఉంది. గ్యారేజీ వాడు తన అసలు బిల్లు పుస్తకం తెచ్చి బల్ల మీద పెడితే చాలు, ముద్దాయి మీరైపోతారు. అసలు దాని అవసరమేముంది? అక్టోబర్ 21న 30,000 వెళ్ళినట్టు మీ బ్యాంకు స్టేట్‌మెంట్ చెబుతుంది. ఆ చీటీ మీద వాళ్ళ చేతిరాత ఉంది, మీ బండి నంబర్ కూడా రాశారని మీరే అన్నారు. మీ ఉత్తరం చివర్లో ఏదో పక్క విషయంలా గ్యారేజీ వాళ్ళు పంపిన వాట్సాప్ వాయిస్ గురించి రాశారు: ‘కొత్త బాక్సే సార్, ఆరు నెలలు గ్యారంటీ’ అని. అదే మీ కేసులో బంగారం! దొంగ బిల్లు ఒక్కటి కలిపితే ఈ నిజమైన సాక్ష్యాలన్నీ అనుమానంలో పడతాయి.

ఆ వాయిస్ ఉన్న ఫోన్ అమ్మకండి, మార్చకండి, ఫార్మాట్ చేయకండి. వేరే ఫోన్‌కి పంపుకున్న కాపీ మీద ఆధారపడొద్దు. కన్స్యూమర్ కమిషన్‌లో సాక్ష్య చట్టాన్ని అక్షరం పొల్లుపోకుండా పట్టరు గానీ, ఫోన్ రికార్డు లాంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేస్తే అవతలివాళ్ళకి నోరు పెగలదు.

గడువు సంగతి. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్ళలోపు ఫిర్యాదు పడాలి. పెట్టిన బాక్స్ కొత్తది కాదని తెలిసింది 2025 ఆగస్టులో కాబట్టి అక్కడినుంచి లెక్కపెట్టొచ్చని వాదించవచ్చు, నేనైనా వాదిస్తాను. కానీ ఆ వాదన మీద కేసు నిలబెట్టొద్దు. 2024 అక్టోబర్ 21 నుంచే లెక్క, అంటే 2026 అక్టోబర్ 20 లోపు దాఖలు కావాలి. ‘వాళ్ళు చూద్దామన్నారు, అందుకే ఆగాను’ అంటే గడువు ఆగదు. మీరు నోటీసు పంపినా ఆగదు. అవతలివాళ్ళు గడువు ప్రస్తావన తేకపోయినా కమిషన్ తనంతట తానే చూసుకోవాలని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే మన్నించే వీలుంది గానీ, తిరుగుతూ ఉండిపోయానన్నది కారణం కాదు. ఏడాదిన్నర గడిపేసి ఇప్పుడు రాస్తున్నారు మరి!

గ్యారేజీ ఆంధ్రలో ఉందని శ్రీకాకుళం వైపు పరుగెత్తాల్సిన పని లేదు. పాత చట్టంలో ఈ వెసులుబాటు ఉండేది కాదు, ఇప్పుడు సెక్షన్ 34 కింద ఫిర్యాదుదారు నివాసం ఉన్న చోటే వేయొచ్చు. గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్ మీ ఊళ్ళోనే ఉంది. మీరు చెల్లించింది ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. చీటీ, వాయిస్ తెలుగులో ఉన్నాయి కదా, వాటికి ఇంగ్లీషు అనువాదం పక్కన పెట్టండి. సరిహద్దు జిల్లాల్లో చాలామంది ఇక్కడే ఒక వాయిదా పోగొట్టుకుంటారు. కమిషన్ నోటీసు అందాక అవతలివాళ్ళు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు వేయాలి.

‘వ్యాపారానికి వాడే బండి, మీరు వినియోగదారు కాదు’ అని వాళ్ళు తప్పకుండా అంటారు. సొంతంగా నడుపుకుని బతుకుతెరువు సంపాదించుకునేవాడు వినియోగదారే. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ తీర్పులో సుప్రీంకోర్టు ఆటో ఉదాహరణతోనే ఈ సంగతి చెప్పింది. ఒకరిద్దరు సాయం ఉన్నా ఫరవాలేదు. కుర్రాణ్ణి పెట్టుకున్న విషయం దాచకండి, సీజన్‌లో మాత్రమేనని రాయండి. మీ డ్రైవింగ్ లైసెన్సు జతచేయండి.

చీటింగ్ కేసంటారా, స్టేషన్‌లో ‘ఇది సివిల్ గొడవ’ అని పంపేస్తారు. ఆ తిరుగుడులో మీ అక్టోబర్ వచ్చేస్తుంది. మూడు లక్షలకి లెక్క ఏదీ? ఏ రోజు ఏ ట్రిప్పు పోయిందో, ఎంత అడ్వాన్సు తిరిగిచ్చారో డైరీ గానీ, ఫోన్ మెసేజ్ గానీ ఉంటే చూపించండి. లేకపోతే 46,500, దాని మీద వడ్డీ, మానసిక వేదనకీ ఖర్చులకీ కొంత, ఇంతవరకే ఆశించండి.

ముందుగా స్కాన్ చేయించండి. రిపోర్టు చేతికి వచ్చాకే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. అందులో పాత బాక్స్ తిరిగి ఇవ్వమని, ఇవ్వకపోతే భద్రంగా ఉంచమని స్పష్టంగా అడగండి. వాళ్ళు లేదంటే, కావాలనే దాచారని భావించమని కమిషన్‌ని కోరవచ్చు. అప్పుడు ఆ రెండో వరస వాదనకి కూడా కాస్త ప్రాణం వస్తుంది.

ఆ తెల్ల చీటీని మాత్రం లామినేషన్ చేయించకండి. చేతిరాత పరీక్షకి పంపాల్సి వస్తే ఇబ్బంది. ఇప్పటికే చేయించి ఉంటే అలాగే తీసుకురండి, ఊడదీయొద్దు.