అప్పీలు కోర్టు జడ్జి పదవికి దరఖాస్తు ఉండదు

ప్రశ్న: మేము న్యూజెర్సీలో స్థిరపడ్డాం. పన్నెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఫెడరల్ అప్పీలు కోర్టు జడ్జి కావాలనుకుంటోంది. ఏ చదువు చదివించాలి? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మన రాష్ట్రాల్లో జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాసి, పదోన్నతులతో పైకి వెళ్లే దారి ఒకటుంది. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో అటువంటి పరీక్ష లేదు. అధ్యక్షుడు పేరు ప్రతిపాదించాలి, సెనేట్ ఆమోదించాలి; ఆమోదం దొరికితే పదవి జీవితకాలం ఉంటుంది. 13 అప్పీలు కోర్టులకూ కలిపి ఉన్నవి 179 స్థానాలే కాబట్టి, ఎప్పుడు ఖాళీ ఏర్పడుతుందో, అప్పటికి ఏ పార్టీ అధికారంలో ఉంటుందో ఎవరి చేతిలోనూ లేదు. అందుచేత పదవిని కాక, ఆ పనిని ఇష్టపడుతోందా అన్నది ముందు తేల్చుకోనివ్వండి.

ఆ పనిలో సాక్షులు ఉండరు, జ్యూరీ ఉండదు. సాధారణంగా ముగ్గురు జడ్జీలు కింది కోర్టు రికార్డునూ, ఇరుపక్షాల లిఖిత వాదనలనూ చదివి తీర్పు చెబుతారు. అప్పీలు చేసినవారి వాదనకు నీలం అట్ట, ఎదుటిపక్షానికి ఎరుపు, తిరుగు సమాధానానికి బూడిద రంగు. ఒక్కో ప్రధాన వాదన 13,000 పదాల వరకూ ఉండవచ్చు. నోటి వాదనకు దొరికేది చాలాసార్లు పక్షానికి పావుగంటే. మిగిలిన కాలమంతా చదవడం, రాయడం.

చదువు సంగతికొస్తే, ఏదైనా సబ్జెక్టులో నాలుగేళ్ల డిగ్రీ, ఆపైన మూడేళ్ల జేడీ (అమెరికా న్యాయశాస్త్ర డిగ్రీ), తరువాత న్యాయవాదిగా అనుమతికి రాసే బార్ పరీక్ష. వీటన్నిటికంటే నేను ఎక్కువ విలువిచ్చేది, జడ్జి దగ్గర ఏడాదో రెండేళ్లో లా క్లర్కుగా, అంటే కేసుల పరిశీలనలో, తీర్పు రాయడంలో సహాయకులుగా పనిచేయడం. క్లర్కు అనగానే గుమాస్తా ఉద్యోగమనుకుని మనవాళ్లు నిరుత్సాహపడతారు. నిజానికి తీర్పు ఎలా రూపుదిద్దుకుంటుందో దగ్గరగా చూసే అవకాశం యువ న్యాయవాదికి అంతకు మించి మరెక్కడా దొరకదు. చండీగఢ్‌లో పుట్టి కాన్సాస్‌లో పెరిగిన శ్రీ శ్రీనివాసన్ మొదట ఒక అప్పీలు జడ్జి దగ్గర, ఆ తరువాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి శాండ్రా డే ఓకానర్ దగ్గర లా క్లర్కుగా చేశారు. ఏళ్ల తరబడి అప్పీలు కేసులు వాదించాక, 2013లో సెనేట్ 97–0 ఓట్లతో ఆమోదించగా వాషింగ్టన్‌లోని డీసీ సర్క్యూట్ అప్పీలు కోర్టు జడ్జి అయ్యారు.

న్యూజెర్సీ కేసుల అప్పీళ్లు వినేది థర్డ్ సర్క్యూట్ అప్పీలు కోర్టు, ఫిలడెల్ఫియాలో. అక్కడి వాదనలు ప్రజలెవరైనా కూర్చుని వినవచ్చు. సెలవుల్లో ఒకరోజు మీ అమ్మాయిని తీసుకువెళ్లండి. వాదన విన్నాక తానైతే ఏ తీర్పు ఇస్తుందో, ఎందుకో ఒక పేజీలో రాయమనండి; కొన్ని నెలలకు అసలు తీర్పు వెలువడినప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చదువుకోమనండి.