సందేహాలు – సమాధానాలు: సరఫరా ఎవరిది?

సందేహం: మాస్టారికి నమస్కారం. అమలాపురంలో కంప్యూటర్లు బాగుచేసే షాపు నాది. కాలిపోయిన పవర్ సప్లై తీసి కొత్తది ఎంచుకుని బిగించుకోవడం ఎలాగో కస్టమర్ల కోసం ఒక కాగితం రాశాను. జత చేస్తున్నాను. అందులో దాన్ని ‘ఎస్‌ఎంపీఎస్’ (స్విచ్డ్ మోడ్ పవర్ సప్లై) అని రాస్తే, తెలిసిన తెలుగు టీచరుగారు కొట్టేసి ‘విద్యుత్ సరఫరా యూనిట్’ అని దిద్దారు. అచ్చ తెలుగు ఉండగా ఇంగ్లీషు పొడి అక్షరాలెందుకన్నారు. ఏది రాయమంటారు?

సమాధానం: టీచరుగారి అభిమానానికి దండం. కానీ ‘విద్యుత్’ సంస్కృతం, ‘యూనిట్’ ఇంగ్లీషు. మిగిలిన ‘సరఫరా’కు పుట్టిల్లు పారసీకం. అచ్చ తెలుగు ఎక్కడుందో ఆయనే చూపించాలి.

పారసీలో ‘సర్’ అంటే తల, ‘రాహ్’ అంటే దారి, నడుమనున్న ‘బ’ మన ‘కు’ లాంటిది. మూడూ కలిసి ‘సర్‌బరాహ్’. పనిని దారిన పెట్టే పెద్ద అని ఒక అర్థం, కావలసినవి సమకూర్చడం అని ఇంకొకటి. ఉర్దూవారు మొదటిది పట్టుకుని ఈనాటికీ దేశాధినేతను సర్‌బరాహ్ అంటున్నారు. కన్నడిగులు రెండోది పట్టుకుని ‘సరబరాజు’ చేసుకున్నారు. మనకు ‘సరబరా’గా వచ్చి, బకారం కాస్తా ఫకారమైంది. ఫిర్యాదు, ఫసలీ, ఫర్మానా వినీ వినీ, తురక మాటంటే ‘ఫ’ ఉండాలనుకున్నారేమోనని నా ఊహ, అంతకంటే గట్టిగా చెప్పను. ఆ ‘సర్’ మన శిరస్సుకు జ్ఞాతే. సర్దారులో ఉంది, సరిహద్దులో ఉంది, సర్కారులో ఉంది. మన గోదావరి సీమ ‘ఉత్తర సర్కారుల’లోదే కదా! కాకినాడవాళ్లు ఎక్కే సర్కార్ ఎక్స్‌ప్రెస్ పేరూ అదే. ‘రాహ్’ సంగతంటారా, రహదారిలో రోజూ తొక్కుతూనే ఉన్నాం. పౌర సరఫరాలు, నీటి సరఫరా వంటివి అందరికీ తెలిసినవే.

పుట్టుక చూసి మాటను వెలివేయమనను. అసలు చిక్కు వేరు. ‘విద్యుత్ సరఫరా’ అంటే ఊరికి కరెంటు ఇవ్వడమని జనం మనసులో ఎప్పుడో స్థిరపడింది. ‘విద్యుత్ సరఫరా పోయింది, మార్చాలి’ అని చదివిన కస్టమరు లైన్‌మాన్‌కు ఫోన్ చేస్తాడు. పైగా ఆ ఎస్‌ఎంపీఎస్ డబ్బా ఉన్నదాన్ని అందించి ఊరుకోదు. గోడ ప్లగ్గులోంచి 230 వోల్టుల ఏసీ తీసుకుని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి పంచుతుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీళ్లు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు విడిపోయినట్టే, కాకపోతే అక్కడ నీరు నీరుగానే పోతుంది, ఇక్కడ సరుకే మారుతుంది.

కాబట్టి బజారులో అడిగే పేరే, ఎస్‌ఎంపీఎస్ అనే, రాయండి. మొదటిసారి వచ్చినచోట ‘కంప్యూటరు భాగాలకు కరెంటు మార్చి ఇచ్చే డబ్బా’ అని ఒక ముక్క చేర్చండి. పాఠ్యపుస్తకంలో టీచరుగారి మాట ఉంటే నేను అడ్డుపడను. షాపు కాగితంలో మాత్రం వద్దనే అనిపిస్తోంది.

ఇక మీ వంతు. ‘450 వాట్స్‌లు’, ‘24 పిన్స్‌లు’ ఏమిటండీ? ఒక బహువచనం చాలదా? వాట్లు, పిన్నులు అనండి. మరలనూ, కేబుళ్లనూ, డబ్బానూ అన్నిటినీ ‘ఇన్‌స్టాల్’ చేయించారు. మర బిగిస్తాం, కేబుల్ తగిలిస్తాం, పిన్ను గుచ్చుతాం, డబ్బాను కూర్చోబెడతాం. ఇన్ని క్రియలుండగా ఇదేం బద్ధకం?

‘450 వాట్లు తీసుకునే ఎస్‌ఎంపీఎస్’ అన్నది భాషలోనే కాదు, లెక్కలోనూ తప్పే. ఆ అంకె అది ఇవ్వగలిగినది. లాగినదాంట్లో ఇచ్చేది 80 శాతమైతే 400 వాట్లు ఇవ్వడానికి గోడ నుంచి 500 లాగుతుంది. ‘80 ప్లస్’ ముద్ర చెప్పేది ఈ నిష్పత్తినే, బలాన్ని కాదు. అందుకని ‘ఇచ్చే’, ‘లాగే’ అని విడదీసి రాయండి.

‘పాత కేబుళ్లు వాడుకోవచ్చు’ అన్న వాక్యం కొట్టేయండి. కేబుళ్లు ఊడివచ్చే రకంలో ఒక కంపెనీది ఇంకో కంపెనీ డబ్బాకు పట్టినా లోపలి పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు, మదర్‌బోర్డు కాలిపోవచ్చు. ‘కొత్తదానితో వచ్చినవే’ అని ఏవకారంతో రాయండి. ‘ప్లగ్గు తీసి డబ్బా విప్పండి’ అన్నారు. ఏ డబ్బా? విప్పాల్సింది కంప్యూటరు క్యాబినెట్‌ని. ఎస్‌ఎంపీఎస్‌ను విప్పనే కూడదు, ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలవ ఉంటుంది.